రెండో గేరు రాడ్డు కథ

మా తమ్ముడి పికప్ బండిలో ఓ చిన్న పెట్టె పాడైంది. దాని మీద వ్యాసం రాస్తానంటే ఇంట్లో అందరూ నవ్వారు. "సైకిలు గొలుసు ఊడితే ఎక్కించడం రాదు, నీకెందుకీ గొడవ?" అన్నారు మావారు. నిజమే. నేను చదివింది బి.ఏ., అందులోనూ చరిత్ర. ఆ చదువుతో ఉద్యోగమైతే చెయ్యలేదు గాని ఓ దురలవాటు మాత్రం పట్టుకుంది. ఏ వస్తువు చెడిపోయినా, దీని తాతముత్తాతలెవరు, ఇది లేనప్పుడు జనం ఎలా గడుపుకున్నారు అని ఆరా తియ్యందే నాకు తోచదు.

అదీగాక ఈ పెట్టె ఊరికే చెడిపోలేదు. ఒక మనిషికి ప్రాణం మీదికొచ్చిన రాత్రి చూసి మరీ చెడిపోయింది.

మా తమ్ముడిది భద్రాచలం దాటాక చర్ల వెళ్లే దారిలో ఓ పల్లె. మిరప, పత్తి వేస్తాడు. ఓ పక్క గోదావరి, రెండో పక్క అడవి. అడవిలోకి వెళ్లేకొద్దీ కోయల గూడేలు, చిన్న చిన్న గుంపులు. తారురోడ్డు దిగితే మట్టిబాట, బాటకడ్డంగా వాగు. ఎండాకాలంలో ఆ వాగులో పిల్లలు గుజ్జనగూళ్లు ఆడుకుంటారు. వానాకాలంలో పెద్దవాళ్లు కూడా ఒడ్డున నిలబడి దణ్ణం పెట్టుకుంటారు.

పోయిన జులైలో నేనక్కడికి వెళ్లాను. తమ్ముడు పనిమీద ఖమ్మం పోయాడు. ఇంట్లో నేనూ, మా మరదలూ. రాత్రి ఎనిమిదింటికి గుంపు నుంచి ఓ కుర్రాడు తడిసి ముద్దయి వచ్చాడు.

"అక్కా, మా వదినకు నొప్పులొస్తన్నయి. నూట ఎనిమిది బండి రోడ్డు మీదనే ఆగింది, లోపలికి రాలేదంట. మీ బండి తెస్తవా?"

మా మరదలు పికప్ నడుపుతుంది. తమ్ముడి కన్నా బాగా నడుపుతుందని ఊళ్లోవాళ్ల మాట. తమ్ముడు మాత్రం ఒప్పుకోడు. మారు మాట్లాడకుండా తాళాలు తీసుకుంది. ఒక్కదాన్నీ పంపలేక నేనూ ఎక్కి కూచున్నాను.

ఆ బండిలో స్టీరింగు పక్కన ఓ గుండ్రటి మీట ఉంటుంది. మామూలుగా ఇంజను బలం వెనక చక్రాలకే అందుతుంది. ఆ మీట తిప్పితే ముందు చక్రాలకూ అందుతుంది. దాన్నే "ఫోర్ వీలు వెయ్యడం" అంటారు. వాగు ఒడ్డున మరదలు మీట తిప్పింది. చిన్న దీపం మిణుకుమిణుకుమంది. మామూలుగా నాలుగుసార్లు మిణికి నిలబడుతుందట. ఆ రాత్రి నిలబడలేదు.

"వదినా, ఫోర్ వీలు పడటం లేదు" అంది. ఆ గొంతులో భయం నేనెప్పుడూ వినలేదు.

ఇంకో దారి లేక అలాగే పోనిచ్చింది. వెనక చక్రాలు గిరగిరా తిరిగి, బురదలో గొయ్యి తవ్వుకుని, అందులోనే కూర్చున్నాయి.

తర్వాత జరిగింది నేను మర్చిపోలేను. కబురు వినగానే గుంపులోంచి నలుగురు మగవాళ్లు వచ్చారు. నులకమంచానికి రెండు పక్కలా బొంగులు కట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, ఆ అమ్మాయిని పడుకోబెట్టి భుజాలకెత్తుకున్నారు. మోకాలి లోతు నీళ్లు. ఒకడి కాలు జారింది. మంచం ఓ అంగుళం ఒరిగిందేమో, అంతే. మిగతా ముగ్గురూ ఆ బరువు అందుకున్నారు. జారినవాడు నిలదొక్కుకుని మళ్లీ భుజం పెట్టాడు. తారురోడ్డు దాకా అలాగే నడిచారు. అక్కడ అంబులెన్సు ఎక్కించారు. తెల్లారేసరికి ఆడపిల్ల. తల్లీపిల్లా క్షేమం.

ఫోర్ వీలు అంటే ఏమిటో నాకు ఆ రాత్రే అర్థమైంది. ఇంజను బలం ఎంతున్నా, రెండు చక్రాలకే ఇస్తే, అందులో ఒకటి బురదలో పట్టు తప్పగానే ఆ బలమంతా గిరగిరా తిరగడానికే పోతుంది. నాలుగింటికీ పంచితే, ఒకటి జారినా మిగతావి నడిపిస్తాయి. దీనికి ఇంజనీరింగు చదవక్కర్లేదు, మంచం మోసిన ఆ నలుగురిని చూస్తే చాలు.

మర్నాడంతా వాన. కరెంటు లేదు. కదిలే దారి లేక నేను నా పాత అలవాటులో పడ్డాను. అసలు ఈ దేశపు మూలకు బండి ఎలా వచ్చింది? 

ఇక్కడ దారి అన్నది ఎప్పుడూ సమస్యే సుమండీ. నూట అరవై ఏళ్ల కిందట ఆర్థర్ కాటన్ దొర, దారి లేకపోతేనేం, గోదావరి ఉందిగా అనుకున్నాడు. ఎగువన వార్ధా వైపు పండే పత్తిని పడవల మీద సముద్రానికి దింపాలని ఆయన పథకం. నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులున్నాయి. మొదటిది మన దుమ్ముగూడెం దగ్గరే. అక్కడ ఆనకట్ట, కాలవ, లాకులు కట్టారు. తీరా ఖర్చెక్కువ, రాబడి తక్కువ అని 1871లో ఆ పథకాన్ని వదిలేశారు. రైలూ వచ్చింది గాని దగ్గరదాకా రాలేదు. "భద్రాచలం రోడ్" అని పేరున్న స్టేషను కొత్తగూడెంలో ఉంది. ఆ పేరు నమ్మి దిగిన భక్తులు రాముణ్ణి చూడాలంటే ఇంకో నలభై కిలోమీటర్లు పోవాలి! భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన 1965లో గాని రాలేదు. అప్పటి రాష్ట్రపతి రాధాకృష్ణన్ గారు ప్రారంభించారు. అంతదాకా పడవే గతి.

భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ తర్వాత ఖమ్మం జిల్లాకొచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పట్టణం తెలంగాణలో ఉండి, పక్కనున్న పల్లెలు కొన్ని ఆంధ్రలోకి పోయాయి. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అంటున్నాం. జిల్లాలు మారాయి, రాష్ట్రాలు మారాయి. వాగు మాత్రం అక్కడే ఉంది.

ఇక బండి సంగతి. నాలుగు చక్రాలకూ బలమివ్వాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1903లోనే హాలెండులో స్పైకర్ అనే అన్నదమ్ములు అలాంటి పెట్రోలు కారు చేశారు. పందాల కోసం చేసిన సరదా బండి అది. పనికొచ్చే బండి చేసింది అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని క్లింటన్‌విల్ అనే చిన్న ఊరివాళ్లు. ఆటో జాకోవ్, విలియం బెస్సెర్‌డిక్ అని బావా బావమరుదులు. ఓ మెషీను షాపు నడుపుకునేవాళ్లు. ముందు చక్రం పక్కకు తిరుగుతూనే బలం కూడా అందుకోవాలి గదా! ఆ కీలు కుదిర్చి 1908లో పేటెంటు పొందారు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి వాళ్ల కంపెనీ ట్రక్కులు వేలకొద్దీ యూరప్ బురదలోకి వెళ్లాయి.

ఇక్కడ మనకు కావలసిన మనిషొకామె ఉంది. మగవాళ్లు యుద్ధానికి పోతే ఆ కంపెనీలో ఆడవాళ్లను పనిలో పెట్టుకున్నారు. వాళ్లలో లుయెల్లా బేట్స్ అనే అమ్మాయి, 1918లో, ఆ భారీ ట్రక్కుల్ని నడిపి పరీక్ష చేసే పనికి కుదిరింది. యుద్ధం అయిపోయాక చాలామందిని పంపేసినా ఈమెను ఉంచుకున్నారు. 1920లో అమెరికా అంతా ట్రక్కు తోలుకుంటూ తిరిగి, చూడండి, దీన్ని ఎవరైనా నడపొచ్చు అని జనానికి చూపించింది. బండికి రిపేరొస్తే తనే చేసుకునేదట. ఫోర్ వీలు మగవాళ్ల వ్యవహారం అని మనతో ఎవరు చెప్పారో గాని, ఆమెతో ఎవరూ చెప్పలేదు కాబోలు.

తర్వాత జీపు. 1940లో యుద్ధం ముంచుకొస్తుంటే అమెరికా సైన్యం తేలికపాటి బండి కావాలని 135 కంపెనీలకు రాసింది. మొదటి నమూనా 49 రోజుల్లో ఇవ్వాలన్నారు. పెళ్లివారు కూడా అంత తొందరపెట్టరు! బాంటమ్ అనే చిన్న కంపెనీ ఇచ్చి చూపించింది. కాని అంత చిన్న కంపెనీ వేలకొద్దీ బండ్లు చెయ్యలేదని పెద్ద ఆర్డర్లన్నీ విల్లీస్, ఫోర్డు కంపెనీలకు పోయాయి. ఆ రెండూ కలిసి యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి.

ఆ జీపులో డ్రైవరు పక్కన గేరు రాడ్డు కాక ఇంకో రెండు చిన్న రాడ్లుండేవి. ఒకటి ముందు చక్రాలను కలపడానికి, రెండోది బండిని నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడపడానికి. ఆ రెండు రాడ్లూ కిందనున్న పళ్లచక్రాల పెట్టెలోకి నేరుగా దిగేవి. మధ్యలో వైరు లేదు, దీపం లేదు. చేత్తో లాగితే పళ్లు పడ్డాయా లేదా అన్నది చేతికే తెలిసేది.

మన దేశంలో ఈ జీపు కథలో ఓ చిత్రం ఉంది. మహీంద్రా సోదరులు 1945లో కంపెనీ పెట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ మొహమ్మద్, మలిక్ గులాం మొహమ్మద్. 1940లలో కొంతకాలం మన హైదరాబాదులో నిజాం ప్రభుత్వానికి ఆర్థిక సలహాదారుగా ఉన్నాడు. దేశం రెండయింది. ఆయన పాకిస్తానుకు వెళ్లి మొదటి ఆర్థిక మంత్రి, ఆ తర్వాత గవర్నర్ జనరల్ అయ్యాడు. 1948లో కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. మరుసటి ఏడే బొంబాయిలో విల్లీస్ జీపుల్ని బిగించడం మొదలుపెట్టారు.

1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలయ్యాక పల్లెల్లోకి బ్లాకులూ, వాటితోపాటు బీడీవో గారి జీపూ వచ్చాయి. మా చిన్నప్పుడు అమ్మమ్మ "జీపు వచ్చిందర్రా" అంటే, ప్రభుత్వం వచ్చిందని అర్థం. టీకాలకూ జీపే, ఎన్నికలకూ జీపే, అప్పు వసూలుకూ జీపే. జీపు దుమ్ము లేవగానే సగం మంది పిల్లలు ఎదురు పరుగెత్తేవాళ్లు, సగం మంది టీకా భయంతో పారిపోయేవాళ్లు.

అయితే ఆ రాడ్లు లాగడం చేతకావాలి. బండి ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు తియ్యాలి అన్నది డ్రైవరు విద్య. తర్వాత కొన్ని బండ్లకు ముందు చక్రాల నడుమ చిన్న బిళ్లలు వచ్చాయి. ఫోర్ వీలు కావాలంటే దిగి, బురదలో కూర్చుని, రెండు పక్కలా ఆ బిళ్లలు తిప్పి రావాలి. చీర కట్టుకున్నవాళ్లు ఆ పని చేస్తారని ఎవరూ అనుకోలేదు.

1980లలో అమెరికాలో కొన్ని బండ్లకు రాడ్డు తీసేసి, బొత్తాం పెట్టారు. బొత్తాం నొక్కితే లోపల చిన్న మోటారు ఆ పళ్లను కలుపుతుంది. ఎప్పుడు కలపాలో చెప్పడానికి ఓ పెట్టె. అదే ఈ కథానాయిక. కంట్రోల్ మాడ్యూల్ అంటారు. ఇప్పుడు మన దేశంలో తయారయ్యే పికప్‌లలోనూ ఆ మీట ఉంటోంది. కింద తిరుపతి వైపు శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు ఫ్యాక్టరీ నుంచి అలాంటి పికప్‌లు వస్తున్నాయి. మా తమ్ముడి బండి ఏ కంపెనీదో మాత్రం అడక్కండి. ఏ కంపెనీ పెట్టె అయినా నీళ్లలో నానబెడితే అంతే అని తర్వాత తెలిసింది.

వాన వెలిశాక ట్రాక్టరు పెట్టి బండిని బయటికి లాగారు. వెనక చక్రాలు బాగానే ఉన్నాయి గనక వాటితోనే ఖమ్మం చేరాం. అక్కడ ఓ పాత మెకానిక్కు ఉన్నాడు. అందరూ ఉస్తాద్ అంటారు. పన్నెండేళ్లప్పుడు షెడ్డులో చేరి, ప్రభుత్వ జీపుల కింద పడుకుని పని నేర్చుకున్నాడట.

"పెట్టె పోయింది, కొత్తది వేసెయ్యండి" అన్నాడు తమ్ముడు.

"నువ్వు డాక్టరువా?" అన్నాడు ఉస్తాద్. "ముందు చూడనియ్యి."

మా మరదలు కొంగు దోపి పక్కన నిలబడింది. "బాబాయ్, ఒక్కోటీ నాకు చూపించి చెయ్యి. ఇంకోసారి వాగు మధ్యలో నేనే ఉంటాను" అంది. ఉస్తాద్ ఓ క్షణం చూసి, స్టూలు ఆమె వైపు తోశాడు.

అతను చెప్పినదాన్ని బట్టి నాకర్థమైనంత చెబుతాను. ఆ పెట్టె ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు లాంటిది. మీట ఏమడిగింది, బండి ఎంత వేగంలో ఉంది, గేరు ఎక్కడుంది అని అందరి మాటా వింటుంది. సరే అనుకుంటే కింద మోటారుకు కరెంటు పంపుతుంది. మోటారు పని ముగించిందా లేదా అని మళ్లీ కబురు తెప్పించుకుంటుంది. ఆ కబురు రాకపోతే దీపం మిణుకుమనిపిస్తూ ఊరుకుంటుంది. కాబట్టి దీపం మిణికినంత మాత్రాన తప్పు పెట్టెదని కాదు. కబురు ఎక్కడ ఆగిందో చూడాలి.

మొదట బ్యాటరీ చూశాడు. సరిగ్గానే ఉంది. ఫ్యూజులు చూశాడు, బాగున్నాయి. బండి బాడీకి బిగించే ఎర్తు వైరు విప్పి, గీకి, మళ్లీ బిగించాడు. బండి కిందికి దూరి మోటారు దగ్గర వైర్ల కూడలి ఊడదీసి, మోటారుకు విడిగా కరెంటిచ్చి చూశాడు. అది గిర్రున తిరిగింది. "మోటారు బతికే ఉంది" అన్నాడు. అప్పుడు గాని పెట్టె జోలికి పోలేదు. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేశాడు. ముందు సీట్లో కాళ్లు పెట్టుకునే చోట, ప్లాస్టిక్ పలక వెనక ఉంది మన కథానాయిక. పోపులపెట్టెలో సగం ఉంటుంది. కూడలి లాగితే లోపలి సూదులన్నీ పచ్చగా ఉన్నాయి.

నేనూ మరదలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చిలుము! పూజ గదిలో రాగిచెంబు మీద వచ్చే చిలుమే.

"చింతపండు పెట్టి తోమితే పోదా?" అన్నాను. షెడ్డులో కుర్రాళ్లంతా నవ్వారు. ఉస్తాద్ నవ్వలేదు. "సూదుల మీద అయితే మందు కొట్టి తుడుస్తం అమ్మా. ఇది లోపల పలక కూడా తినేసింది" అని మూత తీసి చూపించాడు.

మరి నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? వాగులోంచి అనుకున్నాం మేమంతా. ఉస్తాద్ పైనుంచి మగ్గుతో నీళ్లు పోయించి, లోపల టార్చి వేసి కూర్చున్నాడు. ముందు అద్దం మూల రబ్బరు చీలింది. అక్కణ్ణుంచి ఓ సన్నటి చార పెట్టె మీదికి దిగుతోంది. ఎన్ని వానల నుంచో ఒక్కో బొట్టే పడుతూ ఉంది. ఆ రాత్రి చెడిపోలేదు, ఆ రాత్రి తెలిసింది, అంతే.

పాత బండ్ల సామాను దగ్గర అలాంటి పెట్టె తక్కువకు దొరుకుతుందన్నారెవరో. ఉస్తాద్ మీద ముద్రించిన నంబరు చూసి, ఒక్క అంకె తేడా ఉందని తిప్పి పంపేశాడు. నంబరు సరిగ్గా కలిసిన కొత్తది హైదరాబాదు నుంచి ఆర్టీసీ కార్గోలో రావడానికి అయిదు రోజులు పట్టింది. అది బిగించాక ఓ కుర్రాడు కంప్యూటరు తెచ్చి తగిలించాడు. కొన్ని బండ్లకు కొత్త పెట్టె వేస్తే, నువ్వు ఫలానా బండిలో ఉన్నావు, మోటారు ఫలానా చోట నిలబడుతుంది అని నేర్పాలట. అత్తారింటికి కొత్తగా వచ్చిన పిల్లకు ఉప్పు ఏ డబ్బాలో ఉందో చూపించినట్టు.

తారురోడ్డు మీద పరీక్ష చెయ్యబోతే ఉస్తాద్ ఆపాడు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేరువేరు దూరాలు పోతాయి. మట్టిలో అయితే కొంచెం జారి సర్దుకుంటాయి. గట్టి రోడ్డు మీద ఆ తేడా ఎక్కడికీ పోలేక, లోపలి పళ్లు ఒకదాన్నొకటి పీక్కుంటాయి. అందుకని ఊరి బయట ఇసుక మేటలోకి తీసుకెళ్లాం. మరదలు మీట తిప్పింది. దీపం నాలుగుసార్లు మిణికింది. నిలబడింది.

వచ్చేటప్పుడు నేను ఉస్తాద్‌ని అడిగాను, ఆ పాత రాడ్డే మేలు గదా అని. "జీపులో తేడా వస్తే చేతికి తెలిసేది. ఇందులో తేడా వస్తే దీపానికి తెలుస్తది" అన్నాడు. తర్వాత మరదలి వైపు చూసి, "కాని ఆ రాడ్డు ఉన్నన్నాళ్లూ ఈ బిడ్డ చేతికి బండి ఎవరిచ్చేటోళ్లమ్మా?" అన్నాడు.

నేను బస్సులో అదే ఆలోచిస్తూ వచ్చాను. రాడ్డు పోయి మీట రావడం వల్ల బండి మా మరదలి చేతికొచ్చిన మాట నిజమే. లుయెల్లా బేట్స్‌కి మీట లేదన్న మాటా అంతే నిజం. ఆమెకు పని నేర్పారు, ఆమె నేర్చుకుంది, అంతే. మనకు మిక్సీలు, గ్రైండర్లు, వాషింగు మెషీన్లు ఇచ్చారు. మీట ఎక్కడుందో చూపించారు. మూత విప్పి లోపల ఏముందో చూపించినవాళ్లు ఎంతమంది? అడిగినవాళ్లం ఎంతమందిమి? చెడిపోయిన రోజున మగవాళ్లు ఇంటికొచ్చేదాకా కూర్చోవడమే మనకలవాటు. కొన్ని రాత్రులు అలా కూర్చోవడానికి వీలుండదు.

మొన్న మరదలు ఫోను చేసింది. బారసాలకు పిలిచారట, పికప్‌లోనే వెళ్లొచ్చిందట. అద్దం రబ్బరు కొత్తది వేయించింది. ప్రతి నెలా పలక తీసి తడి ఉందేమో చూసుకుంటోంది. అయినా బండిలో ఓ పార, మోకు, రెండు చెక్కపలకలు ఎప్పుడూ ఉంచుతోందట. ఆ నలుగురి ఫోను నంబర్లు కాగితం మీద రాసి అద్దం దగ్గర అంటించిందట.

"ఇంకా ఆ పెట్టె మీద నమ్మకం కుదరలేదా ఏమిటి?" అన్నాను.

"పెట్టె మీద నమ్మకముంది వదినా" అంది. "వాగు మీద వంతెన లేదుగా."